విపత్తు వేళ వలంటీర్లను నడిపే శిక్షణ: రాక బాగుంది, పోక గల్లంతు

ఈ ఒక్కరోజు కోర్సులో అసలు సరుకంతా నమోదు బల్ల దగ్గరే ఉంది. పిలవకుండా వచ్చిన వాళ్లను ఘటనాస్థలానికి దూరంగానే ఆపడం, పేరు, నైపుణ్యం, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసుకోవడం, గుర్తింపు కార్డు చూడడం, జాగ్రత్తలు చెప్పాకే పనిలోకి పంపడం... అన్నీ చేయించి నేర్పుతారు. డాక్టర్నని చెప్పుకుంటే చాలదు, లైసెన్సు చూడాల్సిందే అని గట్టిగా చెప్పడం నచ్చింది. ఇన్సిడెంట్ కమాండ్ (విపత్తు వేళ ఎవరి కింద ఎవరు పనిచేయాలో చెప్పే ఏర్పాటు) పద్ధతి ప్రకారం ఒక్కో లీడరు కింద 3 నుంచి 7 మంది, వీలైతే 5.

కోర్సు తేలిపోయేది పని ముగిశాక చేయాల్సిన వాటి దగ్గరే. వెళ్లేటప్పుడు సంతకం తీసుకోకపోతే ఎవరు ఇల్లు చేరారో, ఎవరు లోపలే చిక్కుకున్నారో తెలియదు. ఇంత ముఖ్యమైన దానికి ఒక్కటంటే ఒక్క స్లైడు! పని లేక తిప్పి పంపాల్సిన వాళ్లకు ఎలా నచ్చజెప్పాలో అసలు లేదు. పిలవని వలంటీర్ల కోసమే 2017లో వచ్చిన ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 22319 మార్గదర్శకాల ఊసూ లేదు.