ఏడేళ్లు వాడిన డిస్కు, దానిమీద ఉప్పు కాగితం

అమెరికాలోని షార్లట్‌లో డిస్క్ గోల్ఫ్ (డిస్కును విసిరి బుట్టలో వేసే ఆట) మొదలుపెట్టిన ఏడాది నేను కొన్న డిస్క్‌క్రాఫ్ట్ వారి బజ్ అనే మధ్యదూరపు డిస్కు, జెడ్ అనే మేలురకం ప్లాస్టిక్‌లోనిది, ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. రీడీ క్రీక్ పార్కులో అది ఎన్ని చెట్లకు తగిలిందో లెక్క లేదు. ఈ సమీక్ష ఆ డిస్కు గురించి కొంతే, దానికి నేను చేసిన మరమ్మతుల గురించి ఎక్కువ. ఎందుకంటే దానిని ఇన్నాళ్లు ఆటలో నిలిపిన ఉప్పు కాగితమే నా మరో డిస్కును పోటీకి పనికిరాకుండా చేసింది.

చెట్టుకు గట్టిగా తగిలినప్పుడు అంచుమీద గాటు పడి, దాని పక్కన ప్లాస్టిక్ గోరంత పొరలా పైకి లేస్తుంది; ఫోర్‌హ్యాండ్ విసిరేటప్పుడు ఆ పొర మధ్యవేలిని కోస్తుంది. 400 నంబరు ఉప్పు కాగితాన్ని తడిపి అంచు వెంబడి మెల్లగా రుద్ది, తరువాత 600 నంబరుతో నునుపు చేసి, బొటనవేలు ఎక్కడా తట్టుకోకుండా చుట్టూ తిరిగిందంటే అక్కడితో ఆపేస్తాను. పైకి లేచింది పోతే చాలు, గాటు తాలూకు గుంట కూడా మాయం కావాలని రుద్దుతూ కూర్చోకూడదు.

1976లో ఏర్పడిన పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) నియమాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. అచ్చు లోపాలను, గీతలను నునుపు చేసేందుకు ఓ మోస్తరుగా రుద్దవచ్చు, ఆటలో సహజంగా వచ్చే అరుగుదలకు అభ్యంతరం లేదు, కానీ డిస్కు ఎగిరే తీరును మార్చే పని చేస్తే అది అక్రమమవుతుంది. అటువంటి డిస్కును విసిరితే హెచ్చరిక ఏదీ లేకుండా 2 పెనాల్టీ త్రోలు, అంటే లెక్కకు అదనంగా కలిపే విసుర్లు, పడతాయి. ఒక చలికాలమంతా రాత్రిళ్లు టీవీ ముందు కూర్చుని నా పట్టర్ (దగ్గరి నుంచి బుట్టలోకి విసిరే డిస్కు) అడుగు అంచును గుండ్రంగా అరగదీశాను. చివర్లో ఎడమకు వాలే డిస్కు కాస్తా తిన్నగా సాగిపోసాగింది. అంత బాగా ఎగరడమే దాని తప్పు. లీగ్‌లో ఒక పెద్దాయన అడిగి మరీ దానిని చేతికి తీసుకుని, రెండుసార్లు తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చారు. విసిరాక తప్పు పట్టడం కంటే విసరకముందు అలా చూడడమే మర్యాద అని నాకు అప్పుడే తెలిసింది. ఆ పట్టర్ ఇప్పుడు పెరట్లో సాధనకు మాత్రమే.

బీటకు మాత్రం మందు లేదు. బీట వారినా, చిల్లు పడినా ఆ డిస్కు పోటీకి చెల్లదు, జిగురు పెట్టి అతికించినంత మాత్రాన చెల్లుబాటు కాదు. చలిలో చవక ప్లాస్టిక్ డిస్కు ఒకటి చెట్టుకు తగిలినప్పుడు పైకి ఏమీ కనబడలేదు కానీ, అంచును కొద్దిగా వంచి వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుకంత తెల్లగీత బయటపడింది.

రంగుల విషయంలో నాకు ఫిర్యాదులేమీ లేవు. ఐడై పాలీ వంటి అద్దకం రంగు జెడ్ ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది, పైన పొర కట్టదు, కనుక చిక్కు రాదు. చేతికి మందం తెలిసేలా పెయింటు పూస్తే మాత్రం డిస్కు చెల్లదు. చవక ప్లాస్టిక్‌కు ఈ రంగు సరిగా పట్టదు, ప్రయత్నించి ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. రంగు వేసే ముందు ఆల్కహాల్‌తో తుడిచినప్పుడు నా పేరు కూడా చెరిగిపోయిన సంగతి గమనించక, గుర్తు లేని డిస్కు విసిరినందుకు తరువాతి పోటీలో హెచ్చరిక తిన్నాను. రెండోసారి అయితే ఒక పెనాల్టీ త్రో పడేది.

పొదల్లో దొరికిన డిస్కు మీద ఫోను నంబరు ఉంటే ఆ సిరాను తుడవకూడదు, ఫోను చేయాలి. పాత డిస్కు అమ్మేటప్పుడు ఎక్కడ రుద్దామో, ఎక్కడ రంగు వేశామో చెప్పి అమ్మాలి. ఈ రెండింటికీ నియమాల పుస్తకంతో పని లేదు.

ఇక నా బజ్ సంగతి. కొత్తలో చివరికి వచ్చేసరికి కొద్దిగా ఎడమకు ఒదిగేది, ఇప్పుడు పూర్తి బలంతో విసిరితే కుడికి తిరిగి అక్కడే ఉండిపోతోంది. ఇది చెట్లు చేసిన పనే, నా చేతిది కాదు, కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎదురుగాలి రోజులకని అదే అచ్చులో కొత్తది ఒకటి కొన్నాను. పాతదానిని కుడికి వంపు తిరిగే దారుల్లో వాడుతున్నాను.