ఏఐ బ్రౌజర్‌తో ఎనిమిది నెలలు: ఎందుకు తీసేశానంటే

ఎనిమిది నెలల పాటు అన్ని పనులకూ ఒక ఏఐ బ్రౌజర్‌నే, అంటే పేజీలను తానే చదివి జవాబులిచ్చే బ్రౌజర్‌నే, వాడాను. పోయిన వారం తీసేశాను.

ముందు దాని మంచి చెప్పాలి. వంద పేజీల నివేదిక తెరిచి, పక్క ప్యానెల్‌లో "ఇందులో గడువులు ఎక్కడున్నాయి?" అని అడిగితే నేరుగా ఆ పేరా దగ్గరికి తీసుకెళ్లేది. తెలియని భాషలో ఉన్న పేజీలకూ బాగా అక్కరకొచ్చింది. ఈ రెండూ లేని లోటు ఇప్పుడు తెలుస్తోంది. మన బదులు తానే పనులు చేసిపెట్టే ఏజెంట్ మాత్రం నిరాశపరిచింది. ఒకసారి దరఖాస్తు నింపమంటే ఒక్కో గడి దగ్గర ఆగుతూ ఆగుతూ వెళ్లి, చివరికి పుట్టిన తేదీలో రోజునూ నెలనూ తారుమారు చేసింది. పక్కన కూర్చుని కాపలా కాయాల్సిన పని నేనే చేసుకుంటే ముందే అయిపోయేది.

అయితే తీసేసింది అందుకు కాదు. ఐదో నెలలో సెట్టింగుల్లో ఏదో వెతుకుతుంటే 'జ్ఞాపకాలు' అన్న పేజీ కనబడింది. వరుసగా చిన్న చిన్న వాక్యాలు. మూడోది ఇది: "వాడుకరి తన తల్లికి మోకాలి శస్త్రచికిత్స చేయించే ఆలోచనలో ఉన్నారు."

ఆ మాట నేను దానికి చెప్పలేదు. అప్పటికి తమ్ముడికి కూడా చెప్పలేదు. రెండు మూడు రాత్రులు ఆ విషయం మీద కొన్ని పేజీలు చదివాను, అంతే. మామూలు బ్రౌజర్ నేను చూసిన పేజీల చిరునామాలు దాచుకుంటుంది. ఇది వాటిని చదివి, మా ఇంటి సంగతి గ్రహించి, వాక్యంగా రాసిపెట్టుకుంది. ఆ వాక్యంలో ఉన్నది నిజమే, అందుకే భయమేసింది.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న: ప్రతి ప్రశ్నకూ సర్వర్ల ఖర్చు ఉన్నప్పుడు దీన్ని ఉచితంగా ఎలా ఇస్తున్నారు? పాత బ్రౌజర్ల లెక్క తెలిసిందే. ఆపిల్ బ్రౌజరైన సఫారీలో తన సెర్చ్‌ను ముందుంచినందుకు గూగుల్ 2022లో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు కోర్టు పత్రాల్లో బయటపడింది. కొత్తవాటి లెక్క ఇంకా తేలలేదు. నేను వాడింది కామెట్ కాదు గానీ, పర్‌ప్లెక్సిటీ సంస్థ ఆ పేరుతో ఉన్న తన ఏఐ బ్రౌజర్‌ను 2025 జులైలో మొదట నెలకు 200 డాలర్లు కట్టే చందాదారులకు ఇచ్చి, అక్టోబరుకల్లా అందరికీ ఉచితం చేసింది. ఆ సంస్థ అధిపతి అరవింద్ శ్రీనివాస్ అదే ఏడాది ఏప్రిల్‌లోనే, తమ యాప్ బయట వాడుకరులు ఏం చేస్తున్నారో తెలుసుకోవడం బ్రౌజర్ తయారీకి ఒక కారణమని, దానితో వారికి తగిన ప్రకటనలు చూపవచ్చని చెప్పారు. ఆయన దాచకుండా చెప్పారు. మిగతావాళ్లు ఆ మాత్రమైనా చెప్పాలి కదా!

భద్రత మాట కూడా ఉంది. పేజీలో కంటికి కనబడకుండా దాచిన వాక్యాలను ఏఐ మన ఆదేశాలుగా తీసుకునే ప్రమాదం ఉందని 2025 ఆగస్టులో బ్రేవ్ అనే మరో బ్రౌజర్ సంస్థ చేసి చూపించింది. అది చదివిన రోజే బ్యాంకు పనులు వేరే బ్రౌజర్‌కు మార్చేశాను.

జ్ఞాపకాలను మొదటి నుంచీ ఆపి ఉంచి, ధర ఎంతో సూటిగా చెబితే డబ్బు కట్టి వాడతాను. అమ్మ శస్త్రచికిత్స వచ్చే నెలలో. దాని గురించి చదవాల్సినవన్నీ ఇప్పుడు పాత బ్రౌజర్‌లోనే చదువుతున్నాను.