బాస్టన్ ఎర్ర గీత మీద బందరు నాన్నగారు

నాన్నగారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు జనం అర్జీలు చదివిన మనిషి. ఈసారి అమ్మా ఆయనా న్యూజెర్సీ వచ్చినప్పుడు అందరిలా నయాగరా కాకుండా బాస్టన్ తీసుకెళ్లాను. రెండు రాత్రులు, మూడు పగళ్లు.

ముందు బస సంగతి. ఊరి మధ్య హోటళ్ల రేట్లు చూసి గుండె గుభేలుమంది. అందుకే ఊరి బయట హైవే పక్కన తీసుకున్నాం. గదిలో మైక్రోవేవ్ ఉంటుందని బుకింగులో చూపించారు, తీరా చూస్తే లేదు. అమ్మ ఉప్మా కోసం వేయించి తెచ్చిన రవ్వ అలాగే ఇంటికి తిరిగొచ్చింది. పరుపులు మాత్రం బాగున్నాయి. కారు ఊళ్లోకి తీసుకెళ్లకండి, పార్కింగ్‌కే జేబు ఖాళీ అవుతుంది. ఏల్‌వైఫ్ స్టేషన్ గ్యారేజీలో పెట్టి రెడ్ లైన్ రైలెక్కి పార్క్ స్ట్రీట్‌లో దిగితే, బాస్టన్ కామన్ అక్కడే.

ఇంగ్లీషు వాళ్ల పాలన మీద అమెరికా తిరగబడిన నాటి చోట్లను కలుపుతూ వెళ్లే నడక దారి ఫ్రీడమ్ ట్రెయిల్. అది మొదలయ్యేది ఆ పార్కులోనే. నేల మీద ఎర్ర గీత, చాలాచోట్ల ఇటుకలు, అక్కడక్కడా రంగు. రెండున్నర మైళ్లు, 16 చోట్లు. గీత వదలకుండా నడిస్తే గైడు అక్కర్లేదు. అన్నీ చూడాలని పంతం పట్టకండి. పెద్దవాళ్లుంటే సగానికి రెండు రోజులు పెట్టుకోండి.

మేం ఎక్కువసేపు ఆగింది ఓల్డ్ స్టేట్ హౌస్ దగ్గర. 1713 నాటి కట్టడం. చుట్టూ అద్దాల మేడల మధ్య బొమ్మరిల్లులా ఉంది. దాని ముందు రాళ్లతో గుండ్రంగా పరిచిన గుర్తు ఉంది, చూసుకోకపోతే తొక్కుకుంటూ వెళ్లిపోతాం. 1770 మార్చి 5న ఇంగ్లీషు సిపాయిలు జనం మీద కాల్చిన చోటు అది. అయిదుగురు పోయారు. ఆ సిపాయిల తరఫున కోర్టులో వాదించింది, తర్వాత దేశానికి రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్. ఎనిమిది మంది సిపాయిల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. “ఆయన ప్లీడరు పని ఆయన చేశాడు” అన్నారు నాన్నగారు, మెచ్చుకుంటూ.

అమెరికా వాళ్లకూ ఇంగ్లీషు వాళ్లకూ మధ్య అసలు గొడవ మూలం మాత్రం మనకు దగ్గరిదే. ఇంగ్లీషు వాళ్లూ ఫ్రెంచి వాళ్లూ కొట్టుకున్న ఏడేళ్ల యుద్ధం అమెరికా అడవుల్లోనూ జరిగింది, గోదావరి జిల్లా చందుర్తిలోనూ జరిగింది. 1759లో ఫ్రెంచి వాళ్ల నుంచి బందరు కోట ఇంగ్లీషు వాళ్ల చేతికొచ్చింది, అదే ఏడు కెనడాలోని క్యూబెక్ కూడా. గెలిచారు కానీ లండన్ అప్పులపాలైంది. ఆ భారంలో కొంత తమ ఏలుబడిలోని అమెరికా వలస రాజ్యాలే మొయ్యాలని 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. దస్తావేజులకీ, పత్రికలకీ, ఆఖరికి పేకముక్కలకీ స్టాంపు! మా నాన్నగారికి పట్టలేనంత నవ్వొచ్చింది. జీవితమంతా స్టాంపు పేపర్ల మధ్య గడిపారు మరి. లండన్ పార్లమెంటులో తమ మనిషి ఒక్కడూ లేకుండా పన్నెలా వేస్తారని జనం తిరగబడితే, ఏడాదికే ఆ చట్టాన్ని ఎత్తేశారు.

టీ పార్టీ అంటే విందు కాదు, పన్ను మీద కోపంతో బాస్టన్ జనం ఓడల్లోని టీ పెట్టెల్ని నీళ్లలో పడేసిన గొడవ. ఆ మ్యూజియం టికెట్టు మనిషికి ముప్ఫై డాలర్లు దాటుతుంది. నాటకంలా నడిపిస్తారు, ఓడ మీద నుంచి పెట్టె విసిరే అవకాశం కూడా ఇస్తారు. పిల్లలుంటే డబ్బులకు న్యాయం జరుగుతుంది, మాలాంటి వాళ్లకు గోల ఎక్కువ. ఒక్కటి మాత్రం నచ్చింది. 1773 డిసెంబరు 16 రాత్రి నీళ్లలో పడేసిన 342 పెట్టెల్లో ఒకటి గాజు వెనక పెట్టారు. చిన్నది, మన ఇళ్లలో పాత పోపుల పెట్టె కంటే కాస్త పెద్దది. ఆ టీ మన దేశానిదని చాలామంది అనుకుంటారు, కాదు, చైనాది. కంపెనీ మాత్రం మన ఈస్టిండియా కంపెనీయే. గోదాముల్లో మురుగుతున్న సరుకు అమ్ముకోవడానికి కంపెనీకి లండన్ దారిచ్చింది, దాంతో టీ చవకైంది కూడా. అయినా పౌనుకు మూడు పెన్నీల పన్ను మిగిలిపోయింది. జనానికి కోపం ఆ మూడు పెన్నీల మీద.

బంకర్ హిల్ యుద్ధానికి గుర్తుగా కట్టిన స్తంభం ఎక్కడం ఉచితం, 294 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అమ్మలాగా కింద గడ్డిలో కూర్చోండి.

మూడో రోజు బాస్టన్ దగ్గరి కాంకర్డ్ ఊరు. నా లెక్కలో ఈ ట్రిప్పులో మంచి చోటు ఇదే, పైసా ఖర్చు లేదు. నార్త్ బ్రిడ్జ్ చిన్న చెక్క వంతెన, కొత్తగా కట్టిందే, కింద నది కదలనట్టు కదులుతుంది. 1775 ఏప్రిల్ 19 ఉదయం పక్క ఊరు లెక్సింగ్టన్‌లో ఇంగ్లీషు సిపాయిల కాల్పులకు ఎనిమిది మంది పోయాక, ఇక్కడ రైతులు తిరిగి కాల్చారు. అవతలి ఒడ్డున రైతు విగ్రహం. ఒక చేతిలో తుపాకీ, ఇంకో చెయ్యి నాగలి మీద. ఇవతల అక్కడే పడిపోయిన ఇంగ్లీషు సిపాయిల సమాధి. మేం వెళ్లినప్పుడు దాని మీద కూడా పూలున్నాయి.

ఫిలడెల్ఫియా మా ఇంటికి దగ్గర, అందుకని వేరే ఆదివారం వెళ్లాం. లిబర్టీ బెల్ అనే పాత గంటను చూడ్డానికి టికెట్టు లేదు. స్వాతంత్ర్య ప్రకటన చేసిన ఇండిపెండెన్స్ హాల్‌కి ముందే టైము బుక్ చేసుకోవాలి, ఫీజు ఒక్క డాలరే. అక్కడి షాపులో నాన్నగారు 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన నకలు కొనుక్కుని, దారంతా పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ వచ్చారు. ఇంగ్లండు రాజు మీద ఫిర్యాదులు 27 తేలాయి. అనుమతి లేకుండా పన్ను వేశాడన్నది మధ్యలో ఎక్కడో ఉంది.

“ఏరా, ఇన్నున్నాయి కదా, ముందు రాజుకి అర్జీ పెట్టుకోలేదా?” అన్నారు.

పెట్టారు నాన్నగారూ, 1775లో. రాజు చదవనే లేదు.

“అదీ!” అని పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.