ఆఫీసులో మనిషా, ఆన్‌లైన్ అసిస్టెంటా?

విశాఖ డాబాగార్డెన్స్‌లో చిన్న ఆఫీసు ఉన్నవాళ్లకైనా, గాజువాక ఆటోనగర్‌లో యూనిట్ నడిపేవాళ్లకైనా వర్చువల్ అసిస్టెంట్ (దూరం నుంచి ఆన్‌లైన్‌లో ఆఫీసు పనులు చేసిపెట్టే మనిషి) అనగానే పట్టుకునే టెన్షన్ ఒకటే: కళ్లెదుట లేని మనిషి చేతికి లెక్కలు ఎలా ఇస్తాం?

పక్క కుర్చీలో కూర్చునే గుమస్తాకి పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చేస్తాం, ఓటీపీ చూసి చెప్పేస్తాం. అక్కడ నమ్మకం తప్ప వేరే కాపలా లేదు. దూరంగా ఉన్నవాళ్లతో అలా కుదరదు కాబట్టి పద్ధతి పెట్టుకుంటాం. చాలా బ్యాంకులు కంపెనీ ఖాతాలకు మేకర్, చెకర్ అని రెండు లాగిన్‌లు ఇస్తాయి. అసిస్టెంట్ పేమెంట్ ఎంట్రీ చేసి పెడతారు, మీరు అప్రూవ్ చేస్తేగానీ రూపాయి కదలదు. గూగుల్ షీట్‌లో అయితే ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో ఎడిట్ హిస్టరీ చూపిస్తుంది. లెక్కల భద్రత వరకూ నా ఓటు ఆన్‌లైన్‌కే.

పని చేస్తున్నారా లేదా అన్న అనుమానానికి గంటలు కాదు, తేదీలు చూడండి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, పన్ను లెక్క చూపి కట్టే 3బీకి 20. బిల్లులన్నీ 5వ తేదీకల్లా ఎక్కాయా? అంతే.

సరుకు దింపించుకోవడం, చెక్కు వేసి రావడం, వచ్చిన కస్టమర్‌ని “రండి, కూర్చోండి” అనడం మాత్రం ఆఫీసు మనిషి పనే.

తుఫాను సంగతి కూడా ఆలోచించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. వేరే ఊళ్లో ఉన్న అసిస్టెంట్ అలాంటప్పుడు కూడా మన కస్టమర్లకి జవాబు చెప్పగలరు.

మొదటి నెల చిన్న పనులే అప్పగించండి. అసిస్టెంట్ మానేసిన రోజే లాగిన్‌లన్నీ తీసేయండి.