ఇంటి బీరుకు తొలి సామాను: కొన్నేళ్లు వాడాక నా మాట

కొన్నేళ్లుగా ఇంట్లో బీరు కాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది పెద్ద గిన్నె గురించే: ఎన్ని లీటర్లది, కుళాయి ఉన్నది కొనాలా, అడుగు ఎంత మందం ఉండాలి అని. పొయ్యి మీదకెక్కే సామాను ఓ మాదిరిదైనా ఫర్వాలేదు. గంటసేపు మరిగే ద్రవంలో బీరును పాడుచేసే క్రిములు బతకవు. పొయ్యి దిగి చల్లారాక బీరును తాకే ప్రతి వస్తువూ మాత్రం మంచిదై ఉండాలి. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

పులియబెట్టడానికి నేను ఇప్పటికీ వాడేది మూతున్న ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్టే. 20 లీటర్ల బీరుకు 30 లీటర్లది తీసుకోండి. మొదటి రెండు మూడు రోజులు ఈస్ట్ జోరు మీద ఉన్నప్పుడు నురగ బాగా పైకి లేస్తుంది. జాగా చాలకపోతే, గ్యాసు బయటికి పోవడానికి మూత మీద పెట్టే ఎయిర్‌లాక్‌లోంచి బయటికి తన్నేస్తుంది. గాజు కార్బాయ్ (పెద్ద సీసా) చూడటానికి అందంగా ఉంటుంది, గీతలు పడదు, గాలిని లోపలికి రానివ్వదు. నెలల తరబడి నిల్వ ఉంచే బీరుకు అది మేలే. కానీ నిండితే పాతిక కిలోలకు తక్కువ ఉండదు, మెడ ఇరుకు, తడిచేతుల్లోంచి జారితే ముక్కలు ఒళ్లు కోస్తాయి. బకెట్టయితే చెయ్యి పెట్టి అడుగుదాకా తోమొచ్చు. తోమడమంటే మెత్తటి గుడ్డతోనే, పీచు తగలకూడదు. ఒక్క గీత పడితే చాలు, క్రిములు అందులో దాక్కుంటాయి, శానిటైజర్ వాటి దాకా పోదు. గీతలు పడ్డ బకెట్టును మొహమాటం లేకుండా మార్చేయండి.

బకెట్టు కుళాయి గురించి విడిగా చెప్పాలి. పైకి తళతళలాడుతున్నా, విప్పి చూస్తే రబ్బరు వాషర్ వెనకాల, తిప్పే మీట లోపల గోధుమరంగు జిగురు పేరుకుని ఉంటుంది. ఎంత కడిగినా బీరు పుల్లబడుతోందంటే నేను ముందు అనుమానించేది దాన్నే. అందుకే పూర్తిగా ఊడదీయడానికి వీలయ్యే కుళాయే కొనండి, ప్రతిసారీ ఊడదీసి కడగండి.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మురికి ఉన్నచోట ఏ మందూ పనిచేయదు. నేను వాడేది స్టార్ శాన్ అనే శానిటైజర్. లీటరు నీళ్లకు 1.5 మిల్లీలీటర్లు చాలు, ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచితే సరి, మళ్లీ కడగక్కర్లేదు. మిగిలే నురగ చూసి కొత్తవాళ్లకు టెన్షన్ పుడుతుంది గానీ, దానివల్ల బీరుకేమీ కాదు. స్ప్రే సీసాలో కొంచెం కలిపి పక్కన పెట్టుకుంటే పని సగం తేలికవుతుంది.

తప్పనిసరిగా ఉండాల్సిన ఇంకో వస్తువు హైడ్రోమీటర్, అంటే బీరు సాంద్రత కొలిచే పరికరం. చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ దాని అంకె తగ్గుతుంది. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయంటే పులియడం అయిపోయినట్టు కాదు. మూత సరిగ్గా బిగియకపోయినా బుడగలు రావు. రెండు మూడు రోజుల తేడాతో చూసినా అంకె మారకుండా ఉంటేనే సీసాల్లో పోయాలి, లేదంటే లోపల ఒత్తిడి పెరిగి సీసాలు పేలతాయి. మొదట 1.050 ఉండి 1.010 దగ్గర నిలిచిందనుకోండి, ఆ తేడాను 131.25తో గుణిస్తే 5.25, అంటే ఆల్కహాల్ సుమారు అంత శాతం. చక్కెరను కాంతితో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌కు ఒక చుక్క చాలు కాబట్టి కాచే రోజున చాలా హాయి. ఆల్కహాల్ పుట్టాక మాత్రం లెక్క సరిచేసుకోకపోతే తప్పు చూపిస్తుంది. ఒక్కటే కొనేట్టయితే హైడ్రోమీటర్ కొనండి.

నా బీరు రుచిని అన్నిటికంటే ఎక్కువ మార్చింది వేడిమి అదుపు. ఏల్ అనే రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు బాగుంటుంది. పులిసేటప్పుడు ఈస్టే వేడి పుట్టిస్తుంది కాబట్టి బకెట్టు లోపల గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేడి మరీ పెరిగితే బీరులో థిన్నర్ లాంటి ఘాటు దిగుతుంది, నిల్వ పెట్టినా అది పూర్తిగా పోదు. మొదట్లో నీళ్ల తొట్టెలో బకెట్టు పెట్టి, తడిగుడ్డ చుట్టి, ఫ్యాను వేసినా చాలావరకు పనవుతుంది. తర్వాత పాత ఫ్రిజ్‌కు ఒక టెంపరేచర్ కంట్రోలర్ తగిలించండి. దాని సెన్సర్‌ను ఫ్రిజ్ గాల్లో వేలాడదీయకుండా బకెట్టు గోడకు టేపుతో అంటించి, పైన స్పాంజి ముక్క కప్పాలి. అప్పుడే అది బీరు వేడిని చూపిస్తుంది. ఖరీదైన గిన్నె కొన్నాక కూడా నాకు ఇంత తేడా కనపడలేదు.

సీసాల్లో నింపడానికి ఆటో సైఫన్ (బకెట్టులోంచి బీరును లాగే పంపు గొట్టం), కొనలో వాల్వు ఉన్న గొట్టం, మూత బిగించే యంత్రం కావాలి. పులిసిన బీరు చిలికి గాలి కలిస్తే తడి అట్టముక్క రుచి వస్తుంది, అందుకే గొట్టం కొన సీసా అడుగున ఆనాలి. సైఫన్ లోపలి రబ్బరు అరిగితే గాలి పీలుస్తుంది, బుడగలు కనపడగానే మార్చండి. సీసాలో గ్యాసు పుట్టడానికి చక్కెర లీటరుకు 6–7 గ్రాములు తూకం వేసి కలపండి, చెంచా లెక్క వద్దు.

కెగ్ (బీరు నిల్వ ఉంచే లోహపు పీపా) మాత్రం సీసాలు కడిగి విసుగొచ్చాకే కొనండి. నాకు కెగ్ ఉన్నా, నెలలు ఆగితే గానీ రుచి తేలని గట్టి బీర్లను ఇంకా సీసాల్లోనే పోస్తున్నాను.