పెయింట్ మందం మీటర్: సెకండ్ హ్యాండ్ కారు చేతికి రాకముందు ఎంత పనికొస్తుంది?

ఈ మీటర్ పట్టుకున్నవాళ్లను అందరూ అడిగేది ఒకటే: యాక్సిడెంట్ బండో కాదో చెబుతుందా? చెప్పదు. ఎక్కడ రంగు ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మందాన ఉందో చెబుతుంది, అంతే. చాలాకాలం వాడాక తేలిందేమిటంటే, కారు ఎంచుకునేటప్పటి కంటే బేరం కుదిరాక దీని అవసరం ఎక్కువ. "ఈ సొట్టలు, గీతలు సరిచేయించి ఇస్తాం" అని అమ్మేవాళ్లు ఒప్పుకున్నాక, బండి మన చేతికొచ్చే లోపు ఏం పని జరిగిందో, ఎలా జరిగిందో తేల్చడానికి ఇంతకంటే తేలికైన సాధనం లేదు.

చౌక మోడళ్లు ఇనుప ప్యానెళ్ల మీదే పనిచేస్తాయి. అల్యూమినియం బానెట్లు ఇప్పుడు మామూలైపోయాయి కాబట్టి రెండు లోహాలనూ కొలిచేదే కొనాలి. ఇనుము మీద అయస్కాంత ప్రేరణతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్‌తో (లోహంలో పుట్టించే సుడి విద్యుత్తుతో) కొలుస్తుంది, కింద ఏ లోహం ఉందో తెర మీద చూపిస్తుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. కంపెనీ అల్యూమినియం బానెట్‌తో ఇచ్చిన మోడల్‌లో మీటర్ ఇనుము అని చూపిస్తే, ఆ బానెట్ ఎప్పుడో మారిందన్నమాట.

కొలిచే ముందు మీటర్‌తో వచ్చిన లోహపు పలక మీద సున్నా చేసి, మందం రాసి ఉన్న ప్లాస్టిక్ రేకు పెట్టి సరిచూడాలి. నీడలో సున్నా చేసిన మీటర్‌ను ఎండలో కాలుతున్న బానెట్ మీద పెడితే అంకె తేడా వస్తుంది, అక్కడ మళ్లీ సున్నా చేయాలి. ప్రోబ్ (మీటర్ కొలిచే మొన) నిటారుగా ఆనాలి. ప్యానెల్ అంచులకు రెండు మూడు సెంటీమీటర్లు ఎడంగా, మడతలూ గీరలూ లేని చదునైన చోట కొలవాలి. దుమ్ము తుడవకుండా కొలిస్తే దుమ్ము మందం కూడా అందులో కలుస్తుంది.

అంకెల సంగతి. కంపెనీ రంగు చాలా కార్లలో 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. కొన్నింటిలో 80, కొన్నింటిలో 180 కూడా మామూలే. అందుకే ముందు రూఫ్ కొలవాలి. అది దెబ్బ తినేది తక్కువ, ఆ కారుకు అదే కొలబద్ద. రూఫ్ 115 ఉండి ఒక డోరు 125 చూపిస్తే పట్టించుకోనక్కర్లేదు. 220 నుంచి 350 దాకా వస్తే మళ్లీ రంగు కొట్టారు. 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే అనుకోవాలి. ఒక్కో ప్యానెల్ మీద కనీసం ఐదు చోట్ల చూడాలి, ఎందుకంటే పుట్టీ అరచేయంత మేర మాత్రమే ఉండొచ్చు.

తక్కువ అంకెను చాలామంది వదిలేస్తారు. మిగతా బండంతా 120 ఉండి ఒక చోట 75 వస్తే, అక్కడ పాలిష్‌తో క్లియర్ కోటును, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను, అరగదీశారు. క్లియర్ కోటు మొత్తం మందమే 35 నుంచి 50 మైక్రాన్లు. అందులో సగం పోయాక ఎండ నుంచి రంగును కాపాడేది పెద్దగా మిగలదు, కొన్నాళ్లకు పొరలు లేస్తుంది. అలాంటి ప్యానెల్ మీద గీతలకు "బఫింగ్ చేసి ఇస్తాం" అంటే ఒప్పుకోకూడదు. గోరు అడ్డంగా లాగినప్పుడు గోరుకు తగిలి ఆపే గీత పాలిష్‌తో పోదు, రంగు కొట్టాల్సిందే.

ఉత్తుత్తి భయాలూ ఉంటాయి. డోర్ల కింద సిల్ మీద కంపెనీయే రాళ్ల దెబ్బకు తట్టుకునే మందపాటి పూత పూస్తుంది. అక్కడ వందల మైక్రాన్లు వచ్చినంత మాత్రాన కంగారుపడక్కర్లేదు, ఎడమ కుడి రెండూ పోల్చి చూస్తే చాలు. పారదర్శక రక్షణ ఫిల్మ్ అతికిస్తే 150 నుంచి 200 మైక్రాన్లు కలుస్తాయి, దాని అంచు వేలికి తగులుతుంది. సిరామిక్ పూత ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. పిల్లర్ (డోర్ల మధ్య రూఫ్‌ను మోసే స్తంభం) మీద మాత్రం అంకె పెరిగితే తేలిగ్గా తీసుకోవద్దు. డోరు విప్పి మార్చొచ్చు, పిల్లర్‌ను కోసి వెల్డింగ్ చేయాలి. అలాంటి బండికి రిపేర్ మాట కాదు, బేరం రద్దు మాట ఎత్తాలి.

ఇక అసలు పని. అడ్వాన్స్ ఇచ్చే రోజే కారును కడిగించి, ఆరాక, పగటి వెలుతురులో ప్యానెల్‌వారీ అంకెలు రాసుకోవాలి. ప్రతి దెబ్బకూ దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి స్కేలు పెట్టి ఒకటి, రెండు ఫొటోలు. ఒప్పందంలో "చిన్న చిన్న గీతలు సరిచేయబడును" అన్న ముక్క ఎందుకూ కొరగాదు. "ఎడమ వెనక డోరు, హ్యాండిల్ కింద 14 సెంటీమీటర్ల గీత, ప్యానెల్ మొత్తం రంగు, కుడి ఫెండర్ సొట్ట, రంగు పగల్లేదు, పెయింట్ లేకుండా తీయాలి" అని ఉండాలి. రంగు చెక్కుచెదరని సొట్టను వెనక నుంచి రాడ్లతో నెట్టి తీయొచ్చు, కంపెనీ రంగు అలాగే ఉంటుంది. అలా తీస్తామన్న చోట పని అయ్యాక కూడా పాత అంకే రావాలి. 300 వచ్చిందంటే చెప్పినట్టు తీయకుండా రంగు కొట్టేశారు.

రంగు కొట్టించిన ప్యానెల్‌కు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్లు పెరుగుతాయి. పక్క ప్యానెల్ కూడా కొంచెం పెరిగితే గొడవ పడొద్దు. మెటాలిక్ రంగు కలవాలంటే పెయింటర్ పక్కకు పలచగా పరచాల్సిందే, అలా చేయనివాడే మనకు నష్టం చేస్తాడు. మీటర్ పరిమితి దాటిందని చూపిస్తే మాత్రం నిలదీయాలి. చాలా మీటర్ల పరిమితి రెండు మిల్లీమీటర్ల లోపే. అంత పుట్టీ పడిందంటే రేకును సరిగా లాగకుండా గుంత పూడ్చేశారు. మందపాటి పుట్టీ, రేకు ఎండకు ఒకేలా వ్యాకోచించవు. అంచుల్లో పగులు వస్తుంది, అందులోంచి తేమ దిగి లోపల తుప్పు మొదలవుతుంది.

రంగు కొట్టిన సాయంత్రమే డెలివరీ తీసుకోవద్దు. సాల్వెంట్ ఇంకా బయటికి పోతూనే ఉంటుంది. అప్పుడు అద్దంలా మెరిసినది కొన్ని వారాలకు మసకబారి, కింద రుద్దిన గీతలు పైకి తేలుతాయి. ఆ మసకకు మళ్లీ పాలిష్ చేసిచ్చే బాధ్యత అమ్మేవాళ్లదేనని ముందే రాయించుకోవాలి. వ్యాక్స్ నెల దాకా పూయకూడదు. చూసేటప్పుడు ఎదురుగా ఒకసారి, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా ఒకసారి చూడాలి. ఎదురుగా కలిసిన మెటాలిక్ రంగు పక్క నుంచి వేరే కారుదిలా కనిపించొచ్చు. డోరు రబ్బర్ల మీద రంగు పొడి, అంచులో మాస్కింగ్ టేపు వదిలిన గట్టు వేలికి తగులుతాయి.

మీటర్‌కు అందనివి కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ బంపర్ మీద అంకే రాదు. అక్కడ సందులు సమానంగా ఉన్నాయా, లోపలి క్లిప్పులు విరిగాయా చూడాలి. పార్కింగ్ సెన్సర్ల మీద రంగు మందంగా పడితే అవి తప్పుడు కూతలు కూస్తాయి. బంపర్ వెనక బ్లైండ్ స్పాట్ రాడార్ (అద్దాల్లో కనిపించని పక్క బండిని పసిగట్టేది) ఉంటే దాని ముందు పుట్టీ పెట్టనివ్వకూడదు. కొత్త రేకు బిగించి మంచి పెయింట్ బూత్‌లో (దుమ్ము రాని గదిలో) రంగు కొట్టిన ప్యానెల్‌ను కూడా మీటర్ పట్టుకోలేకపోవచ్చు. దాన్ని పట్టిచ్చేవి బోల్టులు: బానెట్ హింజ్, ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చిట్లి పానా గుర్తు కనిపిస్తుంది. డోరు లోపలి అంచున సీలెంట్ గీత ఎడమా కుడీ ఒకేలా లేకపోయినా అనుమానించాలి.

ముందు అద్దంలో రాయి తగిలిన చుక్క ఉంటే, డ్రైవర్ చూపుకు అడ్డం లేని చోటైతే, పగులు పాకే లోపు రెజిన్ నింపించాలి. అద్దమే మారిస్తే, దాని వెనక కెమెరా ఉన్న బండికి ఆ కెమెరాను కాలిబ్రేషన్ చేసిన (మళ్లీ సరిచూసి అమర్చిన) కాగితం అడగాలి.

తాళం తీసుకునే రోజు అవే చోట్ల మళ్లీ కొలవాలి. ఈసారి పని జరగని ప్యానెళ్లు కూడా, ఎందుకంటే వర్క్‌షాప్‌లో కొత్త దెబ్బ తగిలించి గుట్టుగా సరిచేసేవాళ్లుంటారు. తేడా వస్తే డెలివరీ కాగితం మీద సంతకానికి ముందే అంకెతో సహా రాయాలి, "తర్వాత చూద్దాం" అంటే సంతకం కూడా తర్వాతే.

పరికరంగా దీని మీద నాకున్న ఫిర్యాదులు రెండే: ఎండలో తెర కనిపించదు, మెమరీలో ఏ అంకె ఏ ప్యానెల్‌దో ఉండదు. మొదటిదానికి చేయి అడ్డం పెట్టుకోవాలి, రెండోదానికి కారు బొమ్మ గీసిన కాగితం చాలు.