పిట్స్‌బర్గ్ వెళ్తే ఒక సాయంత్రం పీఎన్‌సీ పార్క్‌కి కేటాయించండి

న్యూజెర్సీ వైపు నుంచి కారులో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనవాళ్లు చాలామంది దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని, నేరుగా నయాగరా దారి పడతారు. 1976 నాటి ఆ గుడి కోసమే మేమూ వెళ్లాం. కానీ ఈసారి ఒక సాయంత్రం ఆగి పీఎన్‌సీ పార్క్ స్టేడియంలో ఆ ఊరి జట్టు పైరేట్స్ బేస్‌బాల్ మ్యాచ్ చూశాం. అమెరికాలో నేను చూసిన స్టేడియాల్లో ఇదే అందమైనది.

ముందు బస సంగతి. టర్న్‌పైక్ (టోల్ హైవే) దిగగానే వచ్చే మన్రోవిల్‌లో హోటళ్లు చవక, పార్కింగ్ ఫ్రీ, గుడి దగ్గర. మాకు దొరికిన రూమ్‌లో మాత్రం తడి కార్పెట్ వాసన, అడిగాక మార్చారు. చిక్కల్లా సాయంత్రం డౌన్‌టౌన్‌కి వెళ్లడమే. స్క్విరల్ హిల్ టన్నెల్ ముందు కార్లు బారులు తీరతాయి, మ్యాచ్ మొదలైపోతుందేమోనని ఒకటే టెన్షన్. అందుకే మ్యాచ్ రోజు రాత్రి డౌన్‌టౌన్‌లోనే ఉండటం మంచిది. పార్కింగ్‌కి విడిగా కట్టాలి, అయినా నష్టం లేదు. మ్యాచ్ రోజుల్లో రోబెర్టో క్లెమెంటే వంతెన మీదికి కార్లను రానివ్వరు. ఆ పసుపు వంతెన మీదుగా జనంతో పాటు నడిచి వెళ్తే ఎదురుగా గేటే. నడవలేని పెద్దవాళ్లుంటే 'టీ' అనే సిటీ రైలు ఎక్కించండి; డౌన్‌టౌన్ నుంచి స్టేడియం ఉన్న నార్త్ సైడ్ దాకా టికెట్ అక్కర్లేదు.

సీట్ల విషయంలో ఖరీదైనవే మంచివి అనుకోకండి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక పై అంతస్తులో తీసుకుంటే గ్రౌండ్, దాని వెనక అలెగెనీ నది, వంతెనలు, డౌన్‌టౌన్ మేడలు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. ఉన్నవి రెండే అంతస్తులు కాబట్టి ఆట మరీ దూరమైపోదు. మెట్లు మాత్రం నిటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింది సీట్లే నయం.

తిండికి పియరోగీలు తిన్నాం. చూడ్డానికి కజ్జికాయలే, లోపల ఆలూ, చీజ్. వెజ్ వాళ్లు బేకన్ (పంది మాంసం) లేదు కదా అని అడిగి తీసుకోవాలి. మ్యాచ్ మధ్యలో పియరోగీ వేషాలు వేసుకున్నవాళ్లు పరుగు పందెం పెట్టుకుంటే పిల్లలు సీట్లలో కుదురుగా కూర్చోలేదు.

ఆట అర్థం కాదేమో అని నాన్న మొదట వెనకాడారు. "ఏరా, కీపర్ వెనక్కి కొడితే పరుగులుండవా?" అని అడిగింది ఒక్కసారే. మూడో ఇన్నింగ్స్‌కల్లా ఫౌల్ ఏదో, స్ట్రైక్ ఏదో ఆయనే మాకు చెబుతున్నారు. 2023లో పిచర్‌కి (బంతి విసిరేవాడికి) టైమర్ పెట్టాక ఆట సాగదీత తగ్గింది, కొత్తవాళ్లకూ బోర్ కొట్టదు.

రైట్ ఫీల్డ్ (బ్యాటర్‌కి కుడివైపు మైదానం) చివరి గోడ ఎత్తు 21 అడుగులు. అది, ఆ వంతెనకు పేరు పెట్టిన పైరేట్స్ ఆటగాడు క్లెమెంటే జెర్సీ నంబరు. సరిగ్గా 3000 హిట్లు కొట్టిన ఆ ఆటగాడు, 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. ఈ సంగతి చెప్పాక నాన్న ఆ గోడ దగ్గరికి వెళ్లి చూద్దామన్నారు. పిల్లలున్న ఇళ్లవాళ్లు మ్యాచ్‌కి ముందే కాస్త తొందరగా వెళ్లి ఈ కథ చెప్పి చూపించండి.

టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి, గేటు దగ్గరికి రాకముందే తెరిచి పెట్టుకోండి. సీజన్ మార్చి చివర మొదలై సెప్టెంబర్ దాకా ఉంటుంది. ఏప్రిల్‌లో నది గాలికి స్వెటర్ తప్పదు. జట్టు వేరే ఊరికి వెళ్లిన రోజుల్లో ఇక్కడ ఆట ఉండదు, కాబట్టి షెడ్యూల్ చూశాకే హోటల్ బుక్ చేయండి.